బండి ఆపొద్దు పాపా

కర్నూలు

పాపా,

మీ నాయన నిన్న ఫోన్ చేసినాడు. పీహెచ్‌డీ పనికి హైదరాబాద్ నుంచి అనంతపురానికి నలభై ఎనిమిది విస్టార్ ఎలుకలు, అవే ప్రయోగాలకని పెంచే తెల్ల ఎలుకలు, తెస్తున్నావంట. అదీ మే మొదటి వారంలో, బాడుగ కారులో, పగటి పూట. మన ఇంటి బిడ్డ ఇంత పని నెత్తిన వేసుకుందని సంతోషమైంది. పగటి పూట అన్న మాట విన్నాక మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతావని కాగితం మీద రాస్తున్నా. బండిలో నీ దగ్గరే పెట్టుకో.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. జంతువుల మీద ప్రయోగాలకు పెట్టిన 1998 నియమాల ప్రకారం రిజిస్టరైన చోటే కొనాల, మీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న సంఖ్య దాటకూడదు. ఆమోదపత్రం నకలు, అక్కడి వెటర్నరీ డాక్టర్ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్, పుట్టిన తేదీలు, బరువులు, రెండు వైపుల ఫోన్ నంబర్లు ఒక కవర్లో వేసుకో. ప్రతి పెట్టె మీద ప్రాణమున్న జంతువులని, ఏ పక్క పైకుండాలో బాణం గుర్తుతో రాయించు.

మే నెలే వద్దు. మీ గైడ్‌ను అడిగి జూలైకి జరుపు. కుదరదంటే రాత్రి ప్రయాణం పెట్టుకో. మాపటేల ఏడు దాటినాక ఎక్కిస్తే 44వ నంబర్ రోడ్డు మీద జడ్చర్ల, కర్నూలు, డోన్, గుత్తి మీదుగా సుమారు 360 కిలోమీటర్లు, ఏడు గంటల పని. తెల్లారుజామున రెండు, మూడు నడుమ మీ యానిమల్ హౌస్‌లో ఏసీ వేసి, తలుపు తీసి, చేయి సాయం పట్టే మనిషి ఉండాల. ఆ మనిషి ఎవరో పేరుతో సహా ముందే తేల్చుకో. ఎలుకకు చీకటంటే భయం లేదు, రాత్రి తిరిగే ప్రాణి అది.

పెట్టెలు. ప్రయాణానికి ఒక పెట్టెలో 25 ఎలుకల దాకా పెట్టొచ్చని, ఒక్కోదానికి 80 నుంచి 100 చదరపు సెంటీమీటర్ల చోటు, ఎత్తు కనీసం 14 సెంటీమీటర్లు ఉండాలని మన దేశపు మార్గదర్శకాలు. మన ఎండకు ఆ లెక్క పట్టుకోవద్దు. 40 సెంటీమీటర్ల పొడుగు, 30 వెడల్పు, 20 ఎత్తు ఉన్న పెట్టెకు 200 గ్రాముల ఎలుకలు ఎనిమిది వెయ్యి. మగవి మూడు పెట్టెలు, ఆడవి మూడు. ఒకే బోనులో పెరిగినవి ఒకే పెట్టెలోకి పోవాల. ముఖం తెలియని మగవాటిని కలిపితే గుత్తి చేరేలోపు కొట్టుకుని గాయాలు చేసుకుంటాయి. నిండు చూలువి, పాలు మరవనివి ఇస్తామన్నా తీసుకోవద్దు. అదే బండిలో పక్కోళ్ళ చిట్టెలుకలు కూడా వేసుకు రమ్మంటే ఒప్పుకోవద్దు, ఎలుక వాసనకు చిట్టెలుక హడలిపోతుంది.

అట్ట పెట్టె అయితే లోపల ఇనుప జాలీ ఉందా లేదా చేతితో తడిమి చూడు, లేకపోతే దారిలోనే కొరికి బయటపడతాయి. గాలి కిటికీలు ఎదురెదురు పక్కల ఉండాల. అడుగున ఆటోక్లేవ్ చేసిన, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపిన, వరిపొట్టు రెండు మూడు సెంటీమీటర్ల మందం పరుచు.

నీళ్ళ సీసా మాత్రం పెట్టనే వద్దు. బండి ఊగినప్పుడల్లా మూతి నుంచి కారి వరిపొట్టంతా తడుస్తుంది. తడిసిన పొట్టు ఏసీ గాలికి చలి పుట్టిస్తుంది, ఏసీ లేకపోతే ఆవిరి పుట్టిస్తుంది. రెండూ చెరుపే. లీటరు నీళ్ళకు నీళ్ళను జెల్లీ మాదిరి గట్టిపరిచే అగార్ పొడి 15 గ్రాములు వేసి కాచి, చల్లార్చి గట్టి ముక్కలు కోసుకో. ఒక్కో ఎలుకకు 25, 30 గ్రాములు చాలు. 200 గ్రాముల ఎలుక రోజంతా తాగేది సుమారుగా అంతే. ప్రయాణానికి రెండు రోజుల ముందే ఆ ముక్కలు వాటి బోనుల్లో వేయమని అక్కడోళ్ళను బతిమాలుకో, కొత్త వస్తువును ఎలుక తొందరగా నోట పెట్టదు. మేత పెల్లెట్లు పొట్టు మీదే చల్లు. ప్రయాణమని పస్తు పెట్టొద్దు, ఎలుకకు వాంతి రాదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనీయని సంగతి.

శానా ఏండ్ల కిందట ఇదే రోడ్డు మీద ఒక కాలేజీకి అరవై ఎలుకలు పోయినాయి. ఏర్పాటు చేసినవాణ్ణి నేనే. పెట్టెకు పది, ఆరు పెట్టెలు. పెట్టెలు మంచివే, బండికి ఏసీ ఉంది, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఏప్రిల్ నెలలో పొద్దున ఏడుకు బయలుదేరింది. చోటు కలిసొస్తుందని పెట్టెల్ని ఒకదాని మీద ఒకటి మూడేసి పేర్చి, రెండు వరసల్నీ దగ్గరగా నెట్టినారు. ఒక వరస గాలి కిటికీలు రెండో వరస కిటికీలకు ఆనుకున్నాయి. అంటే నడిమి పెట్టెలకు ఆ పక్క గాలి లేనట్టే.

గుత్తి దాటినాక భోజనానికి ఆపినారు. చెట్టు కింద పెట్టినామని, అద్దాలు రెండు వేళ్ళు దించినామని, డీజిల్ దండగని ఇంజను కట్టేసినారు. ఇరవై అయిదు నిమిషాలు. తినేలోపు నీడ పక్కకు జరిగింది. ఎండలో నిలిపిన మూసిన బండి లోపల పది నిమిషాలకే పది డిగ్రీల దాకా ఎక్కుతుంది పాపా. అద్దం కొంచెం దించితే ఆ లెక్కలో పెద్ద తేడా రాదు.

ఎలుకకు చెమట పట్టదు. కుక్క మాదిరి నాలుక చాపి వగర్చి చల్లబడటమూ దానికి చేతకాదు. తోకా చెవులే దాని వేడి వదిలే దారి. అదీ చాలకపోతే ఎంగిలి ఒంటికి పూసుకుంటుంది. చుట్టూ గాలి దాని ఒంటి వేడికి దగ్గరైతే తోక పనిచెయ్యదు. పెట్టెలో తేమ నిండితే పూసుకున్న ఎంగిలి ఆరదు. పది ఒళ్ళు, పది ఊపిర్లు, వాటి ఉచ్చ, అన్నీ ఆ మూసిన పెట్టెలోనే.

తిరిగి వచ్చి ఇంజను వేసినారు. థర్మామీటర్ డ్రైవర్ ముందర, ఏసీ గాలి వచ్చే చోట కట్టి ఉంది. అయిదు నిమిషాల్లో 26 చూపించింది. బాగుందిలే అనుకుని బయలుదేరినారు. డ్రైవర్ ముక్కుకు తగిలే గాలి చల్లబడింది, నడిమి పెట్టెలోది చల్లబడలేదు. అనంతపురంలో మూత తీసేసరికి నడిమి పెట్టెలు రెండిట్లో ఇరవైకి పద్నాలుగు పోయినాయి. గదమ కింద, మెడ చుట్టూ బొచ్చంతా తడిసి ఉంది. అవి చివరి దాకా ఏం చేసి చూసినాయో ఆ తడే చెప్పింది.

మిగిలినవి తింటున్నాయి, తిరుగుతున్నాయి అని మూడో రోజే ప్రయోగం మొదలుపెట్టినారు. ఏ మందూ ఇవ్వని గుంపులో కూడా బరువులకూ రక్తం లెక్కలకూ పొంతన లేకపోయింది. పని మొత్తం పక్కన పెట్టి కొత్త ఎలుకలతో మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. అరవైకి అరవై దండగైనాయి. ఆ లెక్క నా పుస్తకంలోనే రాసి ఉంది.

కాబట్టి ఇవి తు.చ. తప్పకుండా చెయ్యి. తీగ చివర ప్రోబ్, అంటే వేడి కొలిచే మొన, ఉండే థర్మామీటర్లు రెండు కొను, ఖరీదు ఎక్కువేమీ కాదు. ఒక ప్రోబ్ నడిమి పెట్టె లోపల, ఎలుక ముక్కు ఎత్తులో, తీగ కొరకకుండా జాలీ గొట్టంలో పెట్టు. రెండోది వెనక మూల పెట్టె పక్కన. పెట్టె లోపల ఎప్పుడూ బండి గాలి కన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. జంతుశాల గదికి 18 నుంచి 29 డిగ్రీల దాకా సరే అంటారు గానీ, నీ ప్రోబ్ 26 దాటితే ఏసీ పెంచు, 28 దాటితే పెట్టెల్ని విడదీసి గాలి తగిలించు. పావుగంటకోసారి అంకె చూసి రాసుకో. నిద్ర వస్తే పక్కన ఇంకో మనిషి ఉండాల. నువ్వు చిన్నప్పుడు బస్సు ఎక్కితే డోన్ రాకముందే నిద్రపోయేదానివి, అందుకే చెప్తున్నా. ఒంటరిగా రావొద్దు.

డిక్కీలో వద్దు. సీట్లు మడిచి, వెనక దాకా ఏసీ గాలి వచ్చే పెద్ద బండి మాట్లాడుకో. ఎక్కించే ముందు అరగంట ఏసీ వేసి ఉంచు. రెండు పెట్టెల కన్నా ఎత్తు పేర్చొద్దు. పెట్టెకూ పెట్టెకూ, పెట్టెకూ గోడకూ నడుమ రెండంగుళాల చెక్కముక్కలు అడ్డం పెట్టి బెల్టుతో బిగించు. ఏసీ గాలి సూటిగా పెట్టె మీద కొట్టకుండా మళ్ళించు. బయటి గాలి లోపలికి వచ్చే మీట అప్పుడప్పుడూ తెరువు. చల్లదనానికని డ్రై ఐస్ పెట్టే ఆలోచన ఎవరన్నా చెప్తే వినొద్దు, దాని నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, మూసిన బండిలో మీకూ ముప్పే. అగరొత్తులు, సెంటు బిళ్ళలు తీసెయ్యమను. పాటలు బంద్. మన చెవికి వినపడని కీచు శబ్దాలు కూడా ఎలుకకు వినపడతాయి.

అన్నం హైదరాబాద్‌లోనే తిని ఎక్కండి. డీజిల్ ముందే నిండా కొట్టించు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయా చూసుకో. ఆపక తప్పకపోతే ఇంజను, ఏసీ నడుస్తూనే ఉండాల, ఒక మనిషి బండిలోనే కూర్చోవాల. డ్రైవర్‌కు ఈ మాట ముందురోజే చెప్పు, బాడుగలో ఆ డీజిల్ కలిపి ఇస్తానని కూడా చెప్పు, లేకపోతే చెయ్యి తాళం మీదికే పోతుంది.

ఏదన్నా ఎలుక కాళ్ళు చాపి పడుకుని, గదమ తడిగా, చెవులూ తోకా ఎర్రగా కనిపిస్తే గోరువెచ్చని నీళ్ళు తోకకూ పాదాలకూ రాసి గాలి తగలనివ్వు. ఐసు నీళ్ళు పొయ్యొద్దు, తోలు కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఆగిపోతుంది. కళ్ళ చుట్టూ ఎర్రగా కారితే రక్తమని హడలిపోకు, ఒత్తిడికి ఎలుక కంటిలో వచ్చే రంగు అది, రాసి పెట్టుకో. తేరుకోని ఎలుక ఉంటే దాన్ని బాధలో ఉంచకుండా సాగనంపే పని మీ వెటర్నరీ డాక్టర్‌ది. ఆయన నంబరుకు ఆ రాత్రి ఫోన్ ఎత్తుతాడో లేదో ముందే అడుగు. ఒక ఖాళీ పెట్టె, గ్లవ్స్, టేపు, అగార్ ముక్కలు, నీళ్ళు, మెత్తని బట్ట సంచిలో ఉండాల.

గేటు దగ్గర దిగగానే అయిపోయిందనుకోవద్దు. మీ వరండాలో పరిచింది కడప బండలే కదా. ఆ అతుకుల మీద ఇనుప చక్రాల ట్రాలీ నెడితే ఏడు గంటల రోడ్డు కన్నా ఎక్కువ అదురుతుంది. రబ్బరు చక్రాల ట్రాలీ, మెల్లగా, మీద గుడ్డ కప్పి, జనం తిరగని దారిలో తీసుకుపో. క్వారంటైన్ గదిలో ముందు నీళ్ళు, తర్వాత ఒక్కోదాన్ని తూచి బరువు రాయి. వారం దాకా ఏ ప్రయోగమూ వద్దు. బయలుదేరిన నాటి బరువు తిరిగి వచ్చి పెరగడం మొదలైందాకా ఆగు. మీ గైడ్ తొందరపెడితే ఈ కాగితం చూపించు, నాతో మాట్లాడమను.

బయలుదేరాక ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండు, పదకొండున్నర నడుమ కర్నూలు దాటుతావు. నా స్నేహితుని ఏసీ బండి ఒకటి, మన ఇంట్లో చల్లటి గది ఒకటి ఆ రాత్రికి తయారుగా ఉంచుతా, నీ బండి మొరాయిస్తే పది నిమిషాల్లో నీ దగ్గర ఉంటా. హైవే పక్కన నిలబడి ఉంటా. నన్ను చూసి ఆపొద్దు. మీ పెద్దమ్మ సద్ది కట్టి ఇస్తానంటోంది, దానికీ ఆపొద్దు. లోపల లైటు ఒకసారి వేసి ఆర్పు, ప్రోబ్ అంకె ఎంతో ఫోన్‌లో చెప్పు.

మీ పెద్దనాయన