టీవీలో చూసిన ఆకాశం, కళ్లతో చూసే ఆకాశం

ఈ నెల ఖగోళ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం టీవీలో ప్రసారమయ్యే అంతరిక్ష కార్యక్రమాలే. వాటిలో నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: విశ్వం గురించి టీవీలో వచ్చిన ఒక ధారావాహికను ఒక్క భాగమూ వదలకుండా చూశాను. ఆ ఉత్సాహంతోనే చిన్న టెలిస్కోపు కొన్నాను. దాన్ని ఓరియన్ నెబ్యులా వైపు తిప్పి చూస్తే ఎరుపూ లేదు, నీలమూ లేదు. అద్దం మీద ఊపిరి వదిలినప్పుడు పడే మసకలాంటి బూడిదరంగు మరక మాత్రమే కనిపించింది. టీవీలో చూపించింది అబద్ధమా, లేక నా టెలిస్కోపు పనికిరానిదా?

జవాబు: రెండూ కావు. మీరు చూసింది నిజంగా ఓరియన్ నెబ్యులానే. వేటగాడి ఆకారంలో ఉండే ఓరియన్ నక్షత్రమండలంలోని వాయువు, ధూళి మేఘం అది. తేడా అంతా కంటికీ కెమెరాకూ మధ్య ఉంది. మన కంటిలో రంగులను గుర్తించే కోన్ కణాలకు కావలసినంత వెలుతురు ఉండాలి. చీకట్లో ఆ కణాలు దాదాపుగా పని మానేసి, నలుపు తెలుపులను మాత్రమే గ్రహించే రాడ్ కణాలకు బాధ్యత అప్పగిస్తాయి. పైగా కన్ను కాంతిని కూడబెట్టుకోలేదు. క్షణంలో కొంత భాగంపాటు అందిన వెలుగుతోనే దృశ్యాన్ని తయారుచేసుకుని వెంటనే మరో దృశ్యానికి వెళ్లిపోతుంది. కెమెరా మాత్రం నిమిషాలు, ఒక్కోసారి గంటలపాటు ఒకేచోట చూస్తూ వచ్చిన ప్రతి కాంతికణాన్నీ పోగుచేసుకుంటుంది.

దీనికి తోడు, పెద్ద టెలిస్కోపుల చిత్రాల్లో చాలావాటికి రంగులను శాస్త్రవేత్తలు ఒక పద్ధతి ప్రకారం కేటాయిస్తారు. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన ఈగిల్ నెబ్యులా స్తంభాల చిత్రం మీరు తప్పక చూసే ఉంటారు. అందులో సల్ఫర్ నుంచి వచ్చిన కాంతికి ఎరుపు, హైడ్రోజన్ కాంతికి ఆకుపచ్చ, ఆక్సిజన్ కాంతికి నీలం ఇచ్చారు. నిజానికి అక్కడి సల్ఫర్, హైడ్రోజన్ రెండూ ఎర్రని కాంతినే వెదజల్లుతాయి కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఆ రెండింటినీ వేరుచేసి చూడటం సాధ్యం కాదు. ఏ మూలకం ఎక్కడ ఉందో తెలియడం కోసం చేసిన పని అది, మోసం కాదు. కానీ ఈ సంగతిని కార్యక్రమంలో రెండు వాక్యాల్లోనైనా చెప్పకుండా చిత్రాన్ని మాత్రం సంగీతంతో కలిపి చూపించి వదిలేయడం పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతున్నాను. కొత్తగా టెలిస్కోపు కొన్నవారిలో ఎందరో మొదటి వారంలోనే దాన్ని అటక ఎక్కించడానికి ఈ లోపమే కారణమవుతోంది.

మీరు అలా చేయకండి. చంద్రుడు లేని రాత్రి, వీధిదీపాల వెలుగు నేరుగా కంటిలో పడని చోట, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు చీకట్లో ఉండండి. ఆ సమయంలో ఫోను ఒక్కసారి చూసినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే. తర్వాత టెలిస్కోపును తక్కువ రెట్లు పెద్దదిగా చూపే అమరికతో నెబ్యులా వైపు తిప్పి, సూటిగా కాకుండా ఓరకంటితో చూడండి. రాడ్ కణాలు కంటి మధ్యభాగంలో కాక దాని చుట్టుపక్కల ఎక్కువగా ఉంటాయి కనుక, చూపును కాస్త పక్కకు జరిపితే మసకవి తేటపడతాయి. మొదట మధ్యలో నాలుగు చిన్న నక్షత్రాలు దగ్గరదగ్గరగా కుదురుకుంటాయి. వాటిని ట్రెపీజియం అంటారు. ఆ మేఘాన్ని వెలిగిస్తున్నది ముఖ్యంగా అవే. వాటికి ఒక పక్క నుంచి నల్లని చీలిక ఒకటి వెలుగులోకి చొచ్చుకుని వచ్చినట్టు ఉంటుంది. ఇంకాసేపు ఓపిక పడితే మరకకు రెండు వైపులా రెక్కల్లాంటి వంపులు విచ్చుకుంటాయి. నేను ఒకే నెబ్యులాను ఒకే టెలిస్కోపుతో పెన్సిలు పట్టుకుని వరుసగా కొన్ని రాత్రులు గీశాను. మొదటి రాత్రి గీసినది ఒక చుక్క చుట్టూ రుద్దిన మసక; నాలుగో రాత్రి గీసినదానిలో ఆ రెక్కలు, ఆ చీలిక వచ్చేశాయి. టెలిస్కోపు మారలేదు, కన్ను చూడటం నేర్చుకుంది. సుమారు 1,300 సంవత్సరాల కిందట అక్కడి నుంచి బయలుదేరిన కాంతి నేరుగా వచ్చి మీ కంటిలో పడటం ఏ తెర మీదా దొరకని అనుభవం.

ప్రశ్న: మా అబ్బాయి రోజూ అంతరిక్షం గురించిన కార్యక్రమాలు చూస్తూ కూర్చుంటాడు. వీటిని చూసి ఎవరైనా నిజంగా ఖగోళ పరిశీలకులయ్యారా, లేక ఇదీ ఒక కాలక్షేపమేనా?

జవాబు: అయ్యారు. అయితే అన్ని కార్యక్రమాలూ ఒక్కలాంటివి కావు. బ్రిటన్‌లో బీబీసీ ‘ది స్కై ఎట్ నైట్’ అనే నెలవారీ కార్యక్రమాన్ని 1957 ఏప్రిల్ 24న మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఆకాశంలో కనిపిస్తున్న అరెండ్–రోలాండ్ తోకచుక్క మొదటి భాగంలోనే చర్చకు వచ్చింది. అంటే చూసినవారు టీవీ ఆపి బయటికి వెళ్లి వెతుక్కోగల వస్తువుతోనే ఆ కార్యక్రమం పుట్టింది. దాన్ని నడిపిన పాట్రిక్ మూర్ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చదివినవాడు కాదు, స్వయంగా నేర్చుకుని చంద్రుణ్ణి ఏళ్ల తరబడి పరిశీలించిన ఔత్సాహికుడు. 2012 డిసెంబరులో చనిపోయేదాకా, 55 ఏళ్లపాటు, అనారోగ్యం వల్ల ఒక్క నెల తప్ప ప్రతి నెలా ఆయనే దాన్ని నిర్వహించాడు. ఔత్సాహికులు తమ టెలిస్కోపులతో చూడదగిన 109 నక్షత్రగుచ్ఛాలు, నెబ్యులాలు, గెలాక్సీలతో 1995లో ఆయన రూపొందించిన కాల్డ్‌వెల్ జాబితాను ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నారు. అమెరికాలో జాక్ హోర్‌కైమర్ 1976 నుంచి 2010లో మరణించేవరకు ఐదు నిమిషాల కార్యక్రమంలో, ఆ వారం మామూలు కంటితో ఏం చూడవచ్చో మాత్రమే చెప్పేవాడు.

1980లో వచ్చిన కార్ల్ సేగన్ పదమూడు భాగాల ‘కాస్మోస్’ మరో రకం. అది తోకచుక్క ఎక్కడుందో చెప్పదు. ఈ విశ్వంలో మనిషి చోటు ఏమిటని అడుగుతుంది. మనసులో ఆ ప్రశ్న నాటుకోవడం కూడా అవసరమే. కానీ నా అనుభవంలో అలాంటి కార్యక్రమాలు కోరికను పుట్టిస్తాయే తప్ప, ఆ కోరికతో మనిషిని ఇంటి బయటికి నడిపించేవి మొదటి రకం కార్యక్రమాలే.

మరో ఉదాహరణ చెబుతాను. 2017 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని ఏబీసీ టీవీ సంస్థ ‘స్టార్‌గేజింగ్ లైవ్’ అనే ప్రత్యక్ష ప్రసారాన్ని మూడు రాత్రులు నిర్వహించింది. నక్షత్రాల వెలుగు కాలంతోపాటు ఎలా మారిందో చూపే, కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు నమోదు చేసిన గ్రాఫులను ప్రేక్షకుల ముందు పెట్టి, ఎక్కడైనా వెలుగు క్రమం తప్పకుండా కాస్త తగ్గుతోందేమో చూసి చెప్పమన్నారు. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటినప్పుడు వెలుగు అలా తగ్గుతుంది. 48 గంటల్లో పదివేల మందికి పైగా పాల్గొన్నారు. వారి పరిశీలన వల్ల కుంభరాశి దిక్కున ఉన్న కె2-138 అనే నక్షత్రం చుట్టూ గ్రహాలు ఉన్నట్టు బయటపడింది. శాస్త్రవేత్తలు సరిచూసి, అక్కడ ఐదు గ్రహాలు ఉన్నాయని 2018 జనవరిలో ప్రకటించారు. ఒక్కో గ్రహం తిరిగే కాలం దాని లోపలి గ్రహం కాలానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఉండటం అందులోని విశేషం. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నవారే ఆ పని చేశారు. కాబట్టి మీ అబ్బాయిని టీవీ ముందు నుంచి లేపడం కన్నా, ఈ రోజు చూసినదానిలో బయట వెతకగలిగింది ఏమైనా ఉందా అని అడిగి, వాడితోపాటు మీరూ మేడ ఎక్కడం మంచిది.

ప్రశ్న: కార్యక్రమాలు చూశాక టెలిస్కోపు కొనాలని ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: ముందు టెలిస్కోపు కొనకండి, బైనాక్యులర్లు కొనండి. పాట్రిక్ మూర్ కూడా చవకబారు టెలిస్కోపు కన్నా మంచి బైనాక్యులర్లే మేలని చెప్పేవాడు. 7×50 లేదా 10×50 అని రాసి ఉన్నవి సరిపోతాయి; మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందో, రెండోది ముందు కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో తెలుపుతాయి. మోచేతులు దేనికైనా ఆనించి గురుగ్రహాన్ని చూస్తే పక్కన చుక్కల్లా నాలుగు ఉపగ్రహాలు కనిపిస్తాయి. రేపు చూస్తే అవి చోట్లు మార్చుకుని ఉంటాయి. కృత్తికా నక్షత్రాలకైతే టెలిస్కోపు కన్నా బైనాక్యులర్లే అందం, ఎందుకంటే ఆ గుంపు మొత్తం ఒకే చూపులో ఇముడుతుంది.

ప్రశ్న: మనం చూసే నక్షత్రాల్లో చాలావరకు ఎప్పుడో చచ్చిపోయాయని, వాటి పాత కాంతే మనకు చేరుతోందని ఒక కార్యక్రమంలో విన్నాను. నిజమేనా?

జవాబు: కాంతి పాతదనే మాట నిజం, నక్షత్రాలు చచ్చిపోయాయన్నది కాదు. మామూలు కంటికి కనిపించే నక్షత్రాల్లో దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపే ఉన్నాయి. అంటే వాటి వెలుగు బయలుదేరి మహా అయితే కొన్ని వేల ఏళ్లు అయింది. నక్షత్రాల ఆయుష్షు లక్షల్లో, కోట్లలో, వందల కోట్ల ఏళ్లలో ఉంటుంది. ఈ రాత్రి మీకు కనిపించే చుక్కల్లో దాదాపు ప్రతిదీ ఇప్పటికీ అక్కడే వెలుగుతోంది.

అంత్యదశకు చేరిన నక్షత్రాన్నే చూడాలని ఉంటే ఓరియన్ భుజం మీద ఎర్రగా మెరిసే ఆర్ద్రను చూడండి. అది పేలిపోవడం ఖాయమే గాని, అందుకు ఇంకా లక్ష ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి వరకు అది స్పష్టంగా మసకబారినప్పుడు, ప్రపంచంలోని ఎందరో ఔత్సాహికులు ఏ పరికరమూ లేకుండా దాన్ని పక్కనున్న రోహిణితో పోల్చుతూ ప్రకాశాన్ని నమోదు చేశారు. ఆర్ద్ర కనిపించే నెలల్లో మీరూ అదే చేయవచ్చు. తేదీ, సమయం రాసి, అది రోహిణి కన్నా ప్రకాశంగా ఉందా, సమానంగా ఉందా, మసకగా ఉందా అన్న ఒక్క మాట పక్కన రాసుకోండి. కొన్ని నెలల తర్వాత ఆ పుస్తకాన్ని మాకు పంపితే ఈ శీర్షికలో ప్రచురిస్తాం.