కువైట్ ట్యాబు, ట్రంకుపెట్టెలో డీవీడీలు

పాలకొల్లులో ఒకప్పుడు సీడీలు అద్దెకిచ్చి, ఇప్పుడు అదే కొట్లో పాత క్యాసెట్లు, డిస్కులు కాపీ చేసిపెడుతున్న మనిషి పాఠకుల ప్రశ్నలకు చెప్పే జవాబులు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు మాస్టారిని. పి.గన్నవరం దగ్గర లంక గ్రామం మాది. కువైట్‌లో ఉన్న మా అబ్బాయి మొన్న వచ్చినప్పుడు ట్యాబు తెచ్చాడు. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది గానీ, ట్రంకుపెట్టె నిండా ఉన్న నా సినిమా డిస్కులు అందులో ఆడే దారి లేదు. పాత డీవీడీ ప్లేయరు మూలపడింది, బాగుచేసేవాళ్లు దొరకడం లేదు. గోదారి వస్తే మా ఊళ్లో ముందు కరెంటు పోతుంది, వెనకాలే సిగ్నలు పోతుంది. అప్పుడు నెట్‌లో సినిమా ఎలా చూడాలి? ఇన్ని హంగులు పెట్టిన కంపెనీలు డిస్కు పెట్టుకునే చోటు ఎందుకు పెట్టవు? పెట్టాలంటే మీరు ఒప్పుకుంటారా?

జవాబు: సగం ఒప్పుకుంటాను మాస్టారూ. డిస్కుకు లోపల చోటు పెట్టమని నేను అడగను. బయట నుంచి డీవీడీ రైటరు (కంప్యూటర్లకు డిస్కులు చదివిపెట్టే, రాసిపెట్టే పెట్టె) తగిలిస్తే గుర్తుపట్టి ఆడించమని మాత్రం గట్టిగా అడుగుతాను.

చోటు ఎందుకు వద్దంటానంటే, కొలతలు కుదరవు. డిస్కు వెడల్పు 12 సెంటీమీటర్లు. లాప్‌టాపుల కోసం చేసిన సన్నపాటి రైటరు మందం 9.5 మిల్లీమీటర్లు. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ మందం 13.4 మిల్లీమీటర్లు, 2024లో వచ్చిన పెద్ద ఐప్యాడ్ ప్రో మందం 5.1 మాత్రమే. అంటే ఇవాళ రైటరే ట్యాబుకన్నా లావు. ఎలాగో ఇరికించినా ఆ జాగా బ్యాటరీ దగ్గర లాక్కోవాలి, పైగా డిస్కును తిప్పే మోటారు మిగిలిన బ్యాటరీని కూడా తాగేస్తుంది. ఏడంగుళాల తెరతో పోర్టబుల్ డీవీడీ ప్లేయర్లు వచ్చేవి, గుర్తుందా? గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లో తప్పకుండా ఒకటి ఉండేది. బల్లమీద పెట్టినంతసేపూ బాగానే ఆడేవి. ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పితే బొమ్మ ఆగిపోయేది. నా కొట్టుకు రిపేరుకు వచ్చినవాటిలో ఎక్కువ లెన్సు జబ్బులే. ట్యాబు అంటేనే చేత్తో పట్టుకుని తిప్పే వస్తువు, దానికి ఆ జబ్బు తగిలించడం దేనికి?

రెండో సగంలో నేను పూర్తిగా మీ పక్షం. మీ ట్యాబుకు టైప్-సి పోర్టు ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెడితే చదువుతుంది. రైటరు పెడితే చాలా ట్యాబులు ఉలకవు, పలకవు. ఇందులో ఒక చిక్కు కరెంటుది. డిస్కు తిరగడం మొదలైనప్పుడు రైటరు గట్టిగా లాగుతుంది, ట్యాబు పోర్టు అంత ఇవ్వలేకపోవచ్చు. చార్జరు తగిలించుకునే హబ్బు (ఒకే పోర్టుకు రెండు మూడు వస్తువులు కలిపే డబ్బీ) మధ్యలో పెడితే ఆ గొడవ తీరుతుంది. తీరనిది సాఫ్ట్‌వేరు చిక్కు. డిస్కు మీద ఫైళ్లు అమర్చే పద్ధతి వేరు, పెన్‌డ్రైవ్‌లో వేరు. ఆ డిస్కు పద్ధతి ట్యాబుకు నేర్పడం పెద్ద విద్యేమీ కాదు, కంప్యూటర్లకు ఎప్పటినుంచో వచ్చు. ఆండ్రాయిడ్‌తో పనిచేసేలా ప్రత్యేకంగా చేసిన రైటర్లు, వాటికి సొంత యాప్‌లు కూడా కొన్నాళ్లు అమ్మారు. కాబట్టి కుదరదన్నమాట అబద్ధం. చెయ్యాలన్న ఆసక్తి లేదు, అంతే.

డబ్బు లెక్క కూడా ఉందనుకోండి. డీవీడీ ఆడించే సాఫ్ట్‌వేరుకు లైసెన్సు రుసుం కట్టాలి. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆ ఖర్చే కారణమని చెప్పి మామూలు విండోస్‌లోంచి డీవీడీ ఆడించడం తీసేసింది. కంప్యూటరు వాళ్లే తప్పుకున్నాక ట్యాబుల వాళ్లు ముందుకొస్తారా?

ఇక మీ ట్రంకుపెట్టె సంగతి. ముందు డిస్కులు విడదీయండి. వీసీడీలు ఒక పక్క, సినిమా డీవీడీలు ఒక పక్క, ఇంటి ఫంక్షన్లవి ఒక పక్క.

వీసీడీ ఒక్కోటి 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. అందుకే మన సినిమా ఒక్కోటి రెండు మూడు డిస్కుల్లో వచ్చేది, సరిగ్గా ఫైటు మధ్యలో లేచి డిస్కు మార్చాల్సి వచ్చేది. వీటికి కాపీ కాకుండా ఆపే తాళం ఉండదు. మీ మనవడి కంప్యూటర్లో రైటరు ఉంటే డిస్కు తెరవమనండి, ఎంపెగ్ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్లో డ్యాట్ (.DAT) ఫైలు కనిపిస్తుంది. మెమొరీ కార్డులోకి కాపీ చేసి, ట్యాబులో వీఎల్‌సీ యాప్‌తో తెరిస్తే ఆడుతుంది. బొమ్మ మసకగా ఉందని ట్యాబును తిట్టకండి. వీసీడీలో అడ్డం 352, నిలువు 288 చుక్కలే ఉంటాయి, మీ ట్యాబు తెర మీద అంతకు ఎన్నో రెట్లు.

ఇంటి ఫంక్షన్ల డీవీడీలు కూడా అంతే సులువు. మొత్తం నిండినా ఒక్కోటి 4.7 జీబీ. 64 జీబీ కార్డులో పది పన్నెండు డిస్కులు ఉన్నవున్నట్టు పడతాయి.

చిక్కంతా సినిమా డీవీడీల దగ్గరే. ఒరిజినల్ డిస్కుల మీద సాధారణంగా సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షను ప్రకారం, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. సొంత వాడకానికి అదే చట్టంలో 52వ సెక్షను కొంత వెసులుబాటు ఇస్తుంది. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో వాదించుకోవడం లాయర్ల పని. నేనైతే నా కొట్లో సినిమా డిస్కులు కాపీ చెయ్యను, ఎంత తెలిసినవాళ్లు అడిగినా సరే. నాకు ఒళ్లుమండేది ఇక్కడే. మీరు డబ్బులిచ్చి కొన్న డిస్కు, మీరు డబ్బులిచ్చి కొన్న ట్యాబు. రెండూ కలిపి సినిమా చూసుకోవడానికి రాజమార్గం ఉంచకుండా, జనాన్ని పక్కదారులు వెతుక్కోమంటున్నది కంపెనీలే. రైటరును గుర్తుపట్టే ఏర్పాటు ట్యాబులోనే ఉంటే కాపీ మాటే రాదు.

వరద మాటకొస్తే, 2022 జూలై మీకు నేను గుర్తుచెయ్యక్కర్లేదు. అలాంటప్పుడు డీవీడీ ప్లేయరు బాగున్నా దానికీ, టీవీకీ కరెంటు కావాలి. కార్డులో నాలుగు సినిమాలున్న ట్యాబు, నిండా చార్జి ఉన్న పవర్‌బ్యాంకు అంతకన్నా నయం. కాకపోతే ముందు ఫోనుకు చార్జి మిగుల్చుకోండి, సినిమా తర్వాత.

ప్రశ్న: అన్నా, ఓటీటీలు, యూట్యూబు ఉండగా ఇంకా ఈ డిస్కుల గోల ఎవరికి? (ఇంటర్ విద్యార్థి, అమలాపురం)

జవాబు: తమ్ముడూ, మీ అమ్మానాన్నల పెళ్లి ఏ ఓటీటీలో ఉంది?

సినిమాలకైనా అంతే. ఓటీటీ వాళ్లకు సినిమా మీద హక్కు గడువు పెట్టి ఇస్తారు. గడువు తీరితే జాబితాలోంచి పోతుంది, నువ్వు యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నది కూడా పనిచెయ్యదు. చందా కట్టడం వేరు, కొనుక్కోవడం వేరు. అన్నట్టు నెట్‌ఫ్లిక్స్ పుట్టిందే పోస్టులో డీవీడీలు అద్దెకు పంపడంతో. అమెరికాలో ఆ సేవ 2023 సెప్టెంబరు దాకా నడిచింది. నా కొట్లో అద్దె బేరం అంతకన్నా చాలా ముందే పోయింది, అది వేరే సంగతి.

ప్రశ్న: మా పెళ్లి డీవీడీ జీలకర్ర బెల్లం దాకా ఆడి ఆగిపోతోంది. టూత్‌పేస్టు రాయమని ఒకరు, పాలిష్ పట్టిస్తే సరిపోతుందని ఒకరు అంటున్నారు. ట్యాబులోకి ఎక్కించుకోవాలని ఉంది. (గృహిణి, భీమవరం)

జవాబు: ఏదీ రాయకండి అమ్మా. ముందు డిస్కును లైటుకు అడ్డంగా పెట్టి చూడండి. గీతలు మాత్రమే కనిపిస్తే ఆశ ఉంది. రంగు వెలిసినట్టు, మచ్చలు కట్టినట్టు ఉంటే పాలిష్ దండగ. ఫొటోగ్రాఫర్లు రాసిచ్చే డిస్కులో సమాచారం ఒక రంగు పూత మీద ఉంటుంది. ఎండ, వేడి, మన డెల్టా చెమ్మ దాన్ని తినేస్తాయి.

మెత్తటి నూలుగుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవకూడదు. డిస్కు మీద రాత చుట్లు చుట్లుగా ఉంటుంది. అడ్డంగా పడ్డ గీతను రైటరు సర్దుకుని చదవగలదు, చుట్టు వెంబడి పడితే ఆ ముక్క మొత్తం గల్లంతు.

తర్వాత ఇంకో రైటరులో పెట్టి చూడండి. ఒకటి చదవనిది మరొకటి చదవడం నేను రోజూ చూస్తున్నదే. డిస్కులో వీడియో అంతా ఒకే ఫైలుగా ఉండదు, ఒక్కోటి ఒక జీబీకి మించని వాబ్ (.VOB) ఫైళ్లుగా ఉంటుంది. కాబట్టి చెడిపోయినది ఒక ముక్కే అయితే మిగతావి హాయిగా కాపీ అవుతాయి. అప్పట్లో ఫొటోగ్రాఫరు రెండు వైపుల వాళ్లకూ తలో డిస్కు ఇచ్చే ఉంటారు. మీ పుట్టింటి కాపీ ఒకటి, అత్తింటి కాపీ ఒకటి తెప్పించండి. రెండూ ఒకే చోట చెడిపోవడం అరుదు. ఇందులో పోయిన ముక్క అందులోంచి తీసి కలపమని కాపీ చేసేవాళ్లకు చెప్పండి. రెండు డిస్కులూ వేరువేరు కవర్లలో పెట్టి, ఏది ఎవరిదో కవరు మీద రాసి ఇవ్వండి. డిస్కు మీద మాత్రం బాల్‌పెన్నుతో రాయొద్దు.