అర జీబీ బోర్డు మీద జేవీఎమ్

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద పెట్టిన జావా సర్వీసు అరగంట బాగానే నడిచి, ఆపైన చడీచప్పుడు లేకుండా పోతోందని రాశావు. ప్రోగ్రామ్ డేటా ఉంచుకునే హీప్ మెమరీని 384 ఎంబీకి పెంచినా అదే వరస అన్నావు. పెంచినా కాదమ్మా, పెంచబట్టే పోతోంది.

హీప్ చాలకపోతే జావా ఊరుకోదు, అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ అని లాగ్‌లో రాసి మరీ గోల చేస్తుంది. ఒక్క ముక్క కూడా రాయకుండా ప్రాసెస్ మాయమైందంటే అది ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ పని, మెమరీ అయిపోతే అది ప్రోగ్రాములను చంపేస్తుంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ అవుట్‌పుట్‌లో ఓఓఎమ్ (అవుట్ ఆఫ్ మెమరీ) అనే మాట కోసం వెతుకు. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ స్టేటస్‌లో 9/కిల్ అని ఉంటుంది, షెల్ నుంచి నడిపితే ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది. 128కి, బలవంతంగా చంపే సంకేతం సిగ్‌కిల్ నంబరు 9 కలిపితే వచ్చేదే ఆ 137.

ఇప్పుడు లెక్క చూద్దాం. బోర్డులో 512 ఎంబీ ఉన్నా జీపీయూ (తెర బొమ్మలు గీసే భాగం), కెర్నల్ తమ వాటా ముందే పట్టుకుపోతాయి. నీకు మిగిలిందెంతో ఫ్రీ కమాండ్ చెబుతుంది. తెర తగిలించని బోర్డయితే కాన్ఫిగ్ ఫైల్లో జీపీయూ మెమరీని 16కి దించు, కాస్త ఊపిరాడుతుంది. ఆ మిగిలిన దాంట్లో హీప్ ఒక వాటాదారు మాత్రమే. క్లాసుల వివరాలుండే మెటాస్పేస్, జిట్ (నడుస్తుండగానే కోడ్‌ను అనువదించే కంపైలర్) తయారుచేసిన మెషీన్ కోడ్ ఉండే కోడ్ క్యాష్, కంపైలర్ పనిచేసేటప్పుడు వాడుకునే జాగా, థ్రెడ్ల (సమాంతరంగా నడిచే పనుల) స్టాకులు, డేటా రాకపోకలకు వాడే డైరెక్ట్ బఫర్లు అన్నీ హీప్ బయటివే. ఇందులో ఒక మెలిక ఉంది. డైరెక్ట్ బఫర్లకు నువ్వు పరిమితి చెప్పకపోతే జేవీఎమ్ (జావా ప్రోగ్రాములను నడిపే యంత్రాంగం) హీప్ గరిష్ఠాన్నే దానికీ పరిమితిగా తీసుకుంటుంది. నెట్‌వర్క్ లైబ్రరీలు వాటిని ధారాళంగా వాడతాయి. అంటే హీప్‌కు 384 అనగానే, తెలియకుండానే ఇంకో 384కు కూడా నువ్వు సంతకం పెట్టావన్నమాట.

నా సలహా: హీప్ 128 ఎంబీ, మెటాస్పేస్ గరిష్ఠం 64, కోడ్ క్యాష్ 24, డైరెక్ట్ మెమరీ 16తో మొదలుపెట్టు. ఇవి శిలాశాసనాలేమీ కావు, కొలిచి సవరించుకో. జేవీఎమ్ మెమరీ లెక్క రాసిపెట్టే నేటివ్ మెమరీ ట్రాకింగ్‌ను సమ్మరీ స్థాయిలో ఆన్ చేసి, ఒక గంట అసలు పని పెట్టి నడిపాక జేసీఎమ్‌డీ కమాండ్‌తో వీఎమ్ నేటివ్ మెమరీ సమ్మరీ అడుగు. ఏ వాటా ఎంతో విడివిడిగా వస్తుంది. అందులో రిజర్వ్‌డ్ (పేరుకు పక్కన పెట్టినది) అంకె చూసి కంగారుపడకు, కమిటెడ్ (వాడకానికి తీసుకున్నది) చూడు. 64-బిట్ ఆర్మ్ లినక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాకుకు 2 ఎంబీ రిజర్వ్ అవుతుంది గానీ, నిజంగా తాకిన పేజీలకే ర్యామ్ ఖర్చవుతుంది. కొలత అయ్యాక ట్రాకింగ్ ఆపెయ్, దానికీ కొంత ఖర్చుంది.

వాడేసిన మెమరీ చెత్త ఏరడానికి సీరియల్ జీసీ (గార్బేజ్ కలెక్టర్) చాలు. ఇంత చిన్న యంత్రంలో చాలా జావా వెర్షన్లలో జేవీఎమ్ తనంతట తానే దాన్ని ఎంచుకుంటుంది. అయినా ఫ్లాగ్ రాసిపెట్టు. రేపు అదే స్క్రిప్టును 4 జీబీ బోర్డుకు తీసుకెళితే జీ1 అనే వేరే జీసీ వచ్చి కూర్చుంటుంది, అప్పుడు నీ కొలతలకు పొంతన ఉండదు. అంచెలంచెలుగా కోడ్‌ను మెరుగుపరిచే టైర్డ్ కంపైలేషన్‌ను 1వ స్థాయి దగ్గర ఆపు. దాంతో గట్టిగా మెరుగులు దిద్దే సీ2 కంపైలర్ నోరు మూస్తాం, అది కొన్ని పెద్ద మెథడ్ల మీద పడితే ఉన్నట్టుండి పదుల ఎంబీలు మింగుతుంది. గంటల తరబడి ఒకే లూపులో గణితం చేసే ప్రోగ్రామ్‌కు మాత్రం ఈ మాట పనికిరాదు, అక్కడ సీ2 కావలసిందే.

స్టార్టప్ నత్తనడక తగ్గాలంటే క్లాసులను ముందే సిద్ధం చేసి ఫైల్లో దాచే క్లాస్ డేటా షేరింగ్ ఆర్కైవ్ చేసుకో. జేడీకే (జావా కిట్) 13 నుంచి ఇది తేలిక: ఆర్కైవ్ క్లాసెస్ ఎట్ ఎగ్జిట్ ఫ్లాగ్‌తో బోర్డు మీదే ఒకసారి నడిపి ఆపు, తరవాతి నుంచి ఆ ఫైలును షేర్డ్ ఆర్కైవ్ ఫైల్ ఫ్లాగ్‌కు ఇవ్వు. కిల్ -9తో ఆపితే ఫైలు పుట్టదు, మామూలుగా ఆపాలి. జేడీకే గానీ క్లాస్‌పాత్ గానీ మారితే జేవీఎమ్ ఆ ఆర్కైవ్‌ను పక్కన పడేసి అది లేకుండానే నడుస్తుంది. పరీక్షకు ఎక్స్‌షేర్ ఆన్ పెడితే తప్పు బయటపడుతుంది.

జేడీకే ఎంచుకునేటప్పుడు కెర్నల్ వివరం చెప్పే యునేమ్ కమాండ్ మాట ఒక్కటే నమ్మకు. కెర్నల్ 64-బిట్, పైన ప్రోగ్రాములన్నీ 32-బిట్ అయిన ఇమేజీలున్నాయి. ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీని ఆర్కిటెక్చర్ అడుగు, ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే 32, ఆర్మ్64 అంటే 64. మీ స్నేహితురాలి పాత పై జీరో సంగతి వేరు, అది ఆర్మ్‌వీ6 అనే పాత తరం ప్రాసెసర్. దాని మీద కొత్త జేడీకేలు చాలావరకు "సర్వర్ వీఎమ్ ఆర్మ్‌వీ7 పైనే నడుస్తుంది" అనే అర్థం వచ్చే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. ఆర్మ్‌వీ6 కోసం ప్రత్యేకంగా కట్టిన బిల్డు కావాలి.

నెమ్మదించిందంటే ముందు జావాను తిట్టకు. వీసీజెన్‌సీఎమ్‌డీ గెట్ త్రాటిల్డ్ అనే కమాండ్ కొట్టు. 0ఎక్స్50005 వస్తే కరెంటు చాలడం లేదు, బోర్డు తన వేగాన్ని ఇప్పుడే కోసేస్తోందని అర్థం. 0ఎక్స్50000 అయితే బూట్ అయ్యాక ఎప్పుడో ఒకసారి జరిగింది. చాలాసార్లు దోషం సన్నటి యూఎస్‌బీ కేబుల్‌ది.

సిస్టమ్‌డీ యూనిట్ (సర్వీసు వివరాల ఫైలు) గురించి మూడు మాటలు. మర్యాదగా ఆగమనే సిగ్‌టర్మ్ సంకేతంతో ఆగినప్పుడు జావా 143 ఇస్తుంది, దాన్ని సక్సెస్ ఎగ్జిట్ స్టేటస్‌లో చేర్చకపోతే మామూలుగా ఆపినా ఫెయిల్ అని చూపుతుంది. మెమరీ మ్యాక్స్ రాసి ఊరుకుంటే పని జరగదు, ఈ బోర్డుల్లో ఆ పరిమితిని అమలు చేసే మెమరీ సీగ్రూప్ మొదటి నుంచీ ఆఫ్‌లో ఉంటుంది, కెర్నల్ కమాండ్ లైన్‌లో ఎనేబుల్ చెయ్యాలి. ఇక ఈ బోర్డులో గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చాక పాత తేదీతో లేస్తుంది, టీఎల్‌ఎస్ (సురక్షిత కనెక్షన్) సర్టిఫికెట్ల గడువు ఇంకా మొదలవలేదని జావా కనెక్షన్లు తిప్పికొడుతుంది. ఆఫ్టర్ లైనులో టైమ్ సింక్ టార్గెట్ పెట్టు, దాంతోపాటు టైమ్ వెయిట్ సింక్ సర్వీసును ఎనేబుల్ చెయ్. అది లేకపోతే ఆ లైను ఉత్త అలంకారం.

కొలతలు తీశాక సమ్మరీ మొత్తం కాపీ చేసి పంపు, కమిటెడ్ వరస ఒక్కటే కాదు.

ఆశీస్సులతో,
బాబాయి