ఇన్హేలర్ పిల్లవాడి దగ్గరే ఉండాలని స్కూల్లో గట్టిగా అడగండి

ఏడో తరగతి చదివే మీ అబ్బాయికి ఆస్తమా ఉందని, ఇన్హేలర్ ఆఫీసులో ఇచ్చేయమని, కావాల్సినప్పుడు వచ్చి తీసుకోవచ్చని స్కూలు వాళ్లు అంటున్నారని రాశారు. ఒకటి ఆఫీసులో ఇవ్వండి, తప్పులేదు. కానీ రెండోది మాత్రం బాబు దగ్గరే ఉండాలి. మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఆస్తమా, ఇదే విషయం మీద స్కూలు వాళ్లతో మేమూ చాలాసార్లు మాట్లాడాం.

అటాక్ వచ్చినప్పుడు పిల్లలు ఎలా అయిపోతారో మీరు చూసే ఉంటారు. మాట మధ్యలో ఆగిపోతుంది, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతారు, గొంతు కింద గుంట లోపలికి పోతుంటుంది. అలాంటప్పుడు గ్రౌండ్ నుంచి మెట్లెక్కి ఆఫీసుకెళ్లి, బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయో వెతకాలా? కెనడాలోని ఆంటారియోలో 2012లో రయన్ గిబ్బన్స్ అనే 12 ఏళ్ల బాబు స్కూల్లో అటాక్ వచ్చి చనిపోయాడు. అతని ఇన్హేలర్ ప్రిన్సిపాల్ ఆఫీసులో తాళం వేసి ఉంది. వాళ్లమ్మ పట్టుబట్టి పోరాడితే 2015లో అక్కడ రయన్ పేరుమీదే చట్టం వచ్చింది. పిల్లలు ఇన్హేలర్ తమ దగ్గరే ఉంచుకునేందుకు స్కూళ్లు ఒప్పుకోవాలని అందులో ఉంది. ఈ సంగతి చెప్పాకే మా ప్రిన్సిపాల్ గారు మా మాట శ్రద్ధగా విన్నారు.

వాళ్ల భయాన్ని కూడా కొట్టిపారేయకండి. "వేరే పిల్లలు తీసి పీల్చేస్తే?" అని అడుగుతారు. ఆస్తమా లేని పిల్లలు సాల్బుటమాల్ (అటాక్‌లో వాడే ఇన్హేలర్‌లో ఉండే మందు) ఒకటి రెండు పఫ్‌లు పీలిస్తే కాసేపు గుండె దడ, చేతుల వణుకు ఉండొచ్చు, మామూలుగా అవే తగ్గిపోతాయి. ఈ మాట మీరు చెప్పేకంటే డాక్టర్ గారి ఉత్తరంలో ఉంటే విలువ వేరు. మందు పేరు, ఎన్ని పఫ్‌లు, బాబు తనంతట తాను వాడగలడా, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇవన్నీ ఒక్క పేజీలో రాయించండి.

బ్యాగులో ఉంటే చాలనుకోవద్దు. ఆటల పీరియడ్‌లో బ్యాగు క్లాసులో ఉంటుంది, బాబు గ్రౌండ్‌లో ఉంటాడు. మేం నడుముకి కట్టుకునే చిన్న పౌచ్ కొన్నాం.

తర్వాత వాడే పద్ధతి. మా అమ్మాయి మొదట్లో ముందు నొక్కేసి ఆ తర్వాత పీల్చేది. అలా చేస్తే మందంతా నాలుకకే అంటుకుంటుంది. బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, తర్వాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. అటాక్‌లో ఇదంతా కుదరదు కాబట్టి స్పేసర్ ఉంటే చాలా మేలు. అంటే ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం లాంటిది, మందు అందులో నిలుస్తుంది, మెల్లగా పీల్చుకోవచ్చు. ఇంట్లో బాగున్న రోజునే అద్దం ముందు చేయించండి. డాక్టర్ ముందు కూడా ఒకసారి చేసి చూపించమనండి, మన కంటికి కనపడని పొరపాట్లు ఆయన పట్టుకుంటారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మందు అయిపోయాక కూడా క్యాన్‌లో మిగిలిన గ్యాస్ వల్ల ఇన్హేలర్ 'బుస్'మంటూనే ఉంటుంది. పిల్లలు మందు పడుతోందనే అనుకుంటారు. అందుకే ఇంకా ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే డోస్ కౌంటర్ ఉన్నదే కొనండి. ఆఫీసులో ఉన్నదాని ఎక్స్‌పైరీ తేదీ కూడా మీరే చూసుకోండి, ఇంకెవరికీ గుర్తుండదు.

బాబు దగ్గర మందు ఉంది కదా అని పెద్దవాళ్లు నిశ్చింతగా ఉండకూడదు, ఇది నేను మరీమరీ చెప్తాను. అటాక్ ముదిరితే తనకు తానుగా నొక్కుకునే శక్తి ఉండదు. క్లాస్ టీచర్‌కి, పీఈటీ సార్‌కి, పక్కన కూర్చునే స్నేహితుడికి కూడా నేర్పించండి. నిటారుగా కూర్చోబెట్టి, అర నిమిషం నుంచి నిమిషం వ్యవధిలో ఒక్కో పఫ్ చొప్పున పది దాకా ఇవ్వచ్చని మా డాక్టర్ రాసిచ్చారు. తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా వెంటనే అంబులెన్స్ పిలవాలి. మీ బాబుకి ఎన్ని అన్నది మీ డాక్టర్‌నే అడగండి. ఏ సమయంలోనూ పిల్లవాణ్ణి ఒంటరిగా ఆఫీసుకి పంపకూడదని, మందే వాడి దగ్గరికి రావాలని ఆ కాగితంలో విడిగా రాయించండి.