మాటలతో డిప్రెషన్ తగ్గుతుందా?

"వైట్ స్పాట్ తెగులు వచ్చి చెరువులో రొయ్యలు పోయాక మా బాబాయిగారు మంచం దిగడం లేదండి. కౌన్సెలింగ్‌తో నయమవుతుందా?" అని భీమవరం నుంచి అడిగారు.

చాలామందికి తగ్గుతుందండి. మన దేశంలోనే, గోవాలో, రుజువైంది. డాక్టర్లు కాకపోయినా శిక్షణ తీసుకున్న కౌన్సెలర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక్కొక్కరితో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చున్నారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలలకి 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యమే అందినవాళ్లలో 39 శాతమే.

వాళ్లు వాడింది బిహేవియరల్ యాక్టివేషన్. ఉత్సాహం వచ్చేదాకా ఆగకుండా చిన్న పనితో మొదలుపెట్టిస్తారు. మీ బాబాయిగారైతే పొద్దున్నే కాలవ గట్టు మీద పది నిమిషాలు నడవడం, వచ్చాక మనసెలా ఉందో రెండు ముక్కలు రాసుకోవడం. అది కుదిరాక, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు ఒకసారి చూసి రావడం. చుట్టాలొచ్చి "ధైర్యంగా ఉండు" అనడం దీనికి సాటిరాదు.

పద్ధతి పేరు కోసం మరీ వెతక్కండి. కౌన్సెలర్ మీద ఆయనకి గురి కుదరడం చాలా ముఖ్యం. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులూ కావాలి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.