రంగూన్ ఆస్తిని తిరిగి రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: రంగూన్ మొగల్ వీధిలో మా తాతగారికి బట్టల దుకాణం, దాని పైనే సొంత ఇల్లు ఉండేవి. 1964లో సైనిక ప్రభుత్వం దుకాణాన్ని సరుకుతో సహా స్వాధీనం చేసుకొని బర్మా భాషలో ఒక రసీదు ఇచ్చింది. ఆ ఏడాదే మావాళ్లు ఓడలో మద్రాసు చేరారు. ఆ తర్వాత అక్కడ ప్రభుత్వాలు మారాయి కనుక అంతర్జాతీయ చట్టం కింద ఆస్తి మాకు తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, వ్యాసర్పాడి, చెన్నై

సమాధానం: ప్రభుత్వం మారినంత మాత్రాన రాజ్యం బాధ్యత తీరిపోదని 1923లో, కోస్టారికాలో కూలిపోయిన టినోకో ప్రభుత్వం చేసిన పనులపై వచ్చిన వివాదంలోనే మధ్యవర్తి తేల్చారు. అయితే పాత ప్రభుత్వం చేసిన జప్తు కూడా దానంతటదే రద్దయిపోదు. ప్రజాప్రయోజనం కోసం, వివక్ష లేకుండా, పరిహారం చెల్లించి ఆస్తిని జాతీయం చేసే హక్కు ప్రతి రాజ్యానికీ ఉంది. 'సముచిత పరిహారం' చెల్లించాలని 1962 నాటి ఐక్యరాజ్యసమితి తీర్మానం 1803 చెబుతోంది. కాబట్టి మీ వాదనకు బలం భవనం కంటే పరిహారం విషయంలోనే ఎక్కువ.

ఆ పరిహారాన్ని కూడా అంతర్జాతీయ స్థాయిలో మీరు నేరుగా అడగలేరు. మీ తరఫున భారత ప్రభుత్వం అడగాలి, అడగాలా వద్దా అన్నది దాని విచక్షణ. ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, జప్తు నాటికి తాతగారు ఏ దేశ పౌరుడన్నది. ఆయన అప్పటికే బర్మా పౌరసత్వం తీసుకొని ఉంటే, సొంత పౌరుడి ఆస్తిని ఆ దేశమే తీసుకున్నట్టు అవుతుంది గనుక మన ప్రభుత్వం జోక్యానికి ఆధారం దాదాపు ఉండదు. విదేశీయుల నమోదు పత్రం ఒక్కటే ఉంటే ఆయన అక్కడ విదేశీయుడని తెలుస్తుందే గాని భారత పౌరుడని రుజువు కాదు. పాత పాస్‌పోర్టు దొరికితే దాన్ని ప్రాణప్రదంగా దాచండి.

చెన్నై కోర్టులో దావా వేయమని ఎవరైనా చెబితే నమ్మకండి. విదేశంలోని స్థిరాస్తిపై హక్కును మన సివిల్ కోర్టులు తేల్చలేవు, విదేశీ రాజ్యంపై దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం కేంద్రం అనుమతి కావాలి.

ఇలాంటి ఆస్తులు ఎక్కువగా వాటిని తీసుకున్న దేశపు సొంత చట్టంతోనే తిరిగి వచ్చాయి. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ వెళ్లగొట్టిన ఆసియావాసులకు, అతను కూలిపోయాక ఆ దేశం చేసిన 1982 చట్టమే దారి చూపింది. మయన్మార్‌లో (నాటి బర్మా) మాత్రం విదేశీయులకు స్థిరాస్తి బదిలీని 1987 చట్టం నిషేధిస్తోంది. 2021లో సైన్యం మళ్లీ అధికారం చేజిక్కించుకున్నాక అటువంటి చట్టాన్ని ఇప్పట్లో ఆశించలేము.

ఇంటికి దుకాణానికి వేర్వేరు పత్రాలున్నాయేమో చూడండి, ఎందుకంటే రసీదులో దుకాణం ఒక్కటే ఉంటే ఇంటి సంగతి విడిగా తేల్చుకోవాలి. రసీదును అనువదింపజేసి నోటరీ చేయించండి, తహసీల్దారు నుంచి వారసత్వ ధ్రువపత్రం తీసుకోండి, ఆ రెండూ జతచేసి విదేశాంగ శాఖకు అర్జీ పంపి దాని నకలు భద్రపరచండి. ఆస్తి తెచ్చిపెడతామని అడ్వాన్సు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.