ఏడు ఎత్తుల ఆట గురించి

హనుమకొండ

తమ్మీ,

నువ్వు పంపిన విశ్లేషణ రెండుసార్లు చదివాను. ఏడు ఎత్తుల్లో ఓడిపోయిన ఆన్‌లైన్ చెస్ ఆట మీద రాయాలనుకోవడమే నాకు చాలా నచ్చింది.

మొదటి పేరా మాత్రం తీసెయ్. మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్‌లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే జాబితాలో 2801 రేటింగ్‌కు చేరాడని రాశావు. అది తలుచుకుంటే నాకూ ఛాతీ పొంగుతుంది. కానీ చదివేవాడు నీ ఆట కోసం వచ్చాడు, వాణ్ని గుమ్మంలో నిలబెట్టకు.

శకటును సీ4 గడిలో పెట్టేదాకా నీ ఆటలో తప్పేం లేదు. అవతలివాడు గుర్రాన్ని డీ4లోకి దూకించి, ఈ5 బంటును కాపలా లేకుండా వదిలేశాడు. నాలుగో ఎత్తులో నువ్వు దాన్ని కొట్టావు. దాని గురించి రాసింది ఒక్కటే: ‘బ్లండర్, ఇంజన్ మైనస్ చూపించింది.’ ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ఇంజన్ సంగతి సరే, నీకేం కనిపించింది? ఊరికే దొరికిన బంటు. అది రాయి. కాస్లింగ్ చేసి రాజును మూల వైపు భద్రంగా చేర్చుకున్నా, గుర్రాన్ని గుర్రంతో కొట్టినా బాగుండేదని ఆ తర్వాత చెప్పు. వాడి మంత్రి జీ5కు వచ్చి నీ గుర్రాన్నీ జీ2 బంటునూ ఒకేసారి పట్టుకున్నప్పుడు టెన్షన్ పడలేదా? అదెక్కడా లేదు.

అసలు కథంతా ఐదో ఎత్తులో ఉంటే, ఒక్క వాక్యంలో దాటేశావు. గుర్రాన్ని ఎఫ్7లో దింపావు. వాడి మంత్రీ ఏనుగూ రెండూ గురిలో పడ్డాయి, ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకుని ఉంటావు. శకటుతో ఎఫ్7లో చెక్ ఇచ్చి ఉంటే, గుర్రం పోయినా ఆట నిలిచేది. వాడి మంత్రి జీ2 బంటును తినేసింది. నువ్వు ఏనుగును ఎఫ్1కు జరిపావు. మంత్రి ఈ4లో ఇంకో బంటును కొట్టి చెక్ ఇచ్చింది, నువ్వు శకటును ఈ2లో అడ్డం పెట్టావు. వాడి గుర్రం ఎఫ్3లో దిగింది, చెక్‌మేట్.

ఈ చివరి బొమ్మను నెమ్మదిగా చూపించు. రాజు చుట్టూ ఉన్నవన్నీ నీ పావులే, పారిపోవడానికి గడి లేదు. ఎఫ్3లో గుర్రాన్ని కొట్టాల్సిన జీ2 బంటు ఎప్పుడో పోయింది. శకటు కదిలితే మంత్రి చెక్ తగులుతుంది.

అన్నట్టు, ఒకచోట మంత్రి అని, ఇంకోచోట క్వీన్ అని రాశావు. ఏదో ఒకటే ఉంచు.

ఐదో ఎత్తుకు ఎన్ని సెకన్లు తీసుకున్నావో గడియారంలో చూడు. రెండు సెకన్లే అయితే, ఆ రెండు సెకన్ల మీదే నాకొక పేరా కావాలి. ఆదివారం పొద్దున బోర్డు పట్టుకుని భద్రకాళి చెరువు గట్టుకు రా. పావులు పెట్టుకుని చదువుదాం.

నీ అన్న